కబురు చెప్పే మేజోళ్ళు

నాటింగ్‌హామ్ అనగానే ఎవరికైనా రాబిన్‌హుడ్ గుర్తుకు వస్తాడు. ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టిన ఆ గజదొంగ విగ్రహం కోటగోడ కింద విల్లెక్కుపెట్టి ఈనాటికీ నిలబడే ఉంది. ఊరు చూడవచ్చిన వాళ్ళందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు తీయించుకొని వెళ్తారు. మేమూ తీయించుకున్నాం, కాదనను. కాని నేను ఆ ఊరు వెళ్ళింది రాబిన్‌హుడ్ కోసం కాదు, మేజోళ్ళ కోసం.

నవ్వకండి. మేజోళ్ళకోసం ఏడు సముద్రాలు దాటి వెళ్ళాలా, మన బజారులో దొరకవా అని మా ఆవిడ కూడా అడిగింది. అందుకు సమాధానం చెప్పాలంటే ముందు నా కాళ్ళ కథ చెప్పాలి.

నాకు చక్కెర జబ్బు వచ్చి పదిహేనేళ్ళు దాటింది. పోయిన వేసవిలో మా ఊరి గుడిలో, మిట్టమధ్యాహ్నం వేళ, బండపరుపు మీద మూడు ప్రదక్షిణలు చేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు "అబ్బా, అబ్బా" అంటూ గంతులు వేస్తుంటే నేను మాత్రం తాపీగా నడుస్తున్నాను. "భక్తి అంటే అదీ!" అని ఒక పెద్దాయన నన్ను నలుగురికీ చూపించి మెచ్చుకున్నాడు. నేనూ కొంచెం పొంగిపోయాను. సాయంకాలం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కొని పీటమీద కూర్చుంటే మా ఆవిడ చూచి కెవ్వుమంది. రెండు అరికాళ్ళూ బొబ్బలే! నాకు తెలియకపోవడం భక్తి ఎక్కువై కాదు, స్పర్శ తక్కువై అన్నమాట. ఆ బొబ్బల్లో ఒకటి పుండయింది. అది మానడానికి రెండున్నర నెలలు పట్టింది. కాలు దక్కింది గనుక ఇప్పుడిలా వేళాకోళంగా రాస్తున్నాను గాని, ఆ రెండున్నర నెలలూ మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

మా అమ్మాయీ అల్లుడూ నాటింగ్‌హామ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. సంగతి తెలిసి అమ్మాయి ఫోను చేసి, ఏడ్చినంత పని చేసి, చివరకు ఇలా అంది: "నాన్నా, మా ఊరి విశ్వవిద్యాలయంలో అరికాలి వేడిని కనిపెట్టి చెప్పే మేజోళ్ళను గూర్చి పరిశోధన చేశారట. పేపర్లో చదివాను. అమ్మనూ తీసుకొని ఒక్కసారి రండి." ఆ మాట పట్టుకొని బయలుదేరాం.

లండనులో సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో రైలెక్కితే రెండు గంటలలోపే నాటింగ్‌హామ్ చేరవచ్చు. ఊరు ట్రెంట్ నదిని ఆనుకొని ఉంది. మెత్తని ఇసుకరాతి గుట్టమీద కట్టిన ఊరు. ఆ రాతిని తొలిచి వెనుకటివాళ్ళు చేసుకున్న గుహలు ఊరి అడుగున ఎనిమిది వందలకు పైగా ఉన్నాయి. తోళ్ళు ఊనిన గుహలు, సారాయి దాచిన గుహలు, యుద్ధకాలంలో బాంబులకు వెరచి జనం తలదాచుకున్న గుహలు! పైన బస్సులూ ట్రాములూ తిరుగుతుంటే కింద ఇంకొక ఊరు నిద్రపోతున్నట్లుంటుంది.

ఊరి నడిబొడ్డున 'లేస్ మార్కెట్' అనే పేట ఉంది. పేరుకు మార్కెట్టేగాని అంగళ్ళేమీ ఉండవు. ఎర్రటి ఇటుకతో కట్టిన అయిదారు అంతస్తుల గిడ్డంగులు, వాటి మధ్య ఇరుకు సందులు. ఒకప్పుడు ప్రపంచంలో ఏ మూల దొరసాని గౌనుకు లేసు కావాలన్నా ఇక్కడినుంచి వెళ్ళవలసిందే. ఇప్పుడు ఆ గిడ్డంగుల్లో కాఫీ హోటళ్ళూ కాలేజీ తరగతులూ నడుస్తున్నాయి. నూలు వడికే 'జెన్నీ' యంత్రం కనిపెట్టిన జేమ్స్ హార్గ్రీవ్స్, తన యంత్రాలను జనం విరగగొట్టగా 1768లో ఈ ఊరికే వచ్చి తలదాచుకున్నాడు. రిచర్డ్ ఆర్క్‌రైట్ కూడా ఆ ఏడే ఇక్కడికి చేరి, తరువాత గుర్రాలచేత తిప్పించే నూలు మిల్లు పెట్టాడు. మన చేనేతవాళ్ళ నోటిదగ్గర కూడు తీసిన మిల్లుబట్టకు పుట్టిళ్ళలో ఇదొకటి. అందుకని ఆ సందుల్లో నడుస్తుంటే ముచ్చటతోపాటు మనసులో ఏదో చిన్న ముల్లు కూడా గుచ్చుకుంటుంది.

ఇక మేజోళ్ళ పుట్టుక. ఊరికి ఉత్తరంగా కాల్వర్టన్ అనే పల్లె ఉంది. అక్కడ విలియం లీ అనే క్రైస్తవ గురువు 1589లో మేజోళ్ళు అల్లే యంత్రం కనిపెట్టాడు. ఆయన మనసుపడిన పిల్ల ఎప్పుడు చూచినా అల్లికసూదులమీదే కళ్ళుపెట్టుకొని ఈయన వంక చూచేది కాదట. ఆ కోపంతో ఈ పని చేశాడని కథ చెప్పుకుంటారు. రెండు సూదులతో ఒక్కొక్క ముడే వేసుకుంటూపోయే అల్లికను, వరుసగా నిలబెట్టిన సూదులతో వరుసకు వరుస ఒక్కసారే వేసేట్టు చేశాడు. యంత్రం తీసుకుపోయి ఎలిజబెత్ రాణికి చూపిస్తే, చేతి అల్లికతో పొట్టపోసుకునే బీదలు బిచ్చగాళ్ళవుతారని ఆమె హక్కుపత్రం ఇవ్వ నిరాకరించిందంటారు. ఆ తరువాత జేమ్స్ రాజూ ఇవ్వలేదు. లీ విసిగి ఫ్రాన్సు వెళ్ళిపోయాడు. అక్కడ ఆదరించిన నాలుగవ హెన్రీ రాజు 1610లో హత్యకు గురయ్యాడు. పాపం, లీ పరదేశంలోనే కన్నుమూశాడు. యంత్రం మాత్రం ఆయన తమ్ముడితో తిరిగివచ్చి ఈ చుట్టుపక్కల పల్లెలన్నిటా వేళ్ళు తన్నుకుంది.

ఆ పల్లెల్లో ఒకటి రడింగ్టన్. ఊరికి దక్షిణంగా అయిదు మైళ్ళ దూరం. అక్కడ అల్లికపనివాళ్ళ మ్యూజియం ఉందంటే ఆదివారం తప్పించి ఒకరోజు మేం నలుగురం బస్సెక్కి వెళ్ళాం. 1829లో కట్టిన పనిపాకలూ, పనివాళ్ళ ఇళ్ళూ ఒక వాకిలి చుట్టూ ఉన్నవి ఉన్నట్లు కాపాడుతున్నారు. పనిపాకకు ఈ చివరనుంచి ఆ చివరదాకా కిటికీలే. అలంకారానికి కాదు, వెలుతురు పోయేదాకా పని చేయించడానికి. లోపల కొయ్య, ఇనుము కలిపి చేసిన మగ్గాలు బారులు తీరి ఉన్నాయి. మగ్గమన్నానుగాని ఇది మన మగ్గం కాదు. పడుగూ పేకా ఉండవు. ఒకే దారం వంపులు తిరుగుతూ తనలో తానే పెనవేసుకుంటుంది. ముసలావిడ ఒకామె ఆ మగ్గం మీద కూర్చొని నడిపి చూపించింది. రెండు చేతులూ, రెండు కాళ్ళూ, కళ్ళూ ఒక్కసారే పనిచేయాలి. ఒక్క మగ్గం చేసే చప్పుడుకే మా మాట మాకు వినబడలేదు. ఇరవై మగ్గాలు ఆడితే ఎలా ఉండేదో!

"ఈ మగ్గాలు పనివాళ్ళవేనా?" అని అడిగాను.

"ఎక్కడండీ! చాలామందికి మగ్గం షావుకారుదే. వారం వారం అద్దె కట్టాలి. పని సరిగా దొరకని వారమైనా అద్దె తప్పదు. మగవాడు అల్లితే ఆడది కుట్టేది, పిల్లలు దారం చుట్టేవాళ్ళు. అందరూ కలిసి చేసినా అద్దెపోగా మిగిలేది అంతంతమాత్రం" అని ఆమె చెప్పింది.

మా ఆవిడ ఇంగ్లీషు అంతగా తెలియకపోయినా సంగతి పట్టేసింది. "మన పక్క మాస్టరు వీవర్ల దగ్గర కూలినేత నేసేవాళ్ళ మాదిరే!" అంది.

ఆ బాధ ముదిరి ముదిరి 1811లో బద్దలయింది. షావుకార్లు కొందరు, వెడల్పు మగ్గాలమీద నాసిబట్ట అల్లించి, దాన్ని కత్తిరించి కుట్టి మేజోళ్ళని అమ్మడం మొదలుపెట్టారు. ధర పడిపోయింది, కూలి పడిపోయింది. ఆ ఏడు మార్చిలో ఆర్నాల్డ్ గ్రామంలో పనివాళ్ళు మగ్గాలు విరగగొట్టారు. 'లడ్' అనే కల్పిత సేనాని పేరు పెట్టుకొని రాత్రిళ్ళు తిరిగిన ఆ మనుషులే లడ్డైట్లు. ఈనాడు యంత్రమంటే గిట్టనివాణ్ణల్లా ఆ పేరుతో వెక్కిరిస్తాం. నిజానికి వాళ్ళు యంత్రంమీదనే బతికినవాళ్ళు. యంత్రంమీద కాదు వాళ్ళ కోపం. అది ఎవరి చేతిలో ఉండి ఎవరి కడుపు కొడుతున్నదో దానిమీద. 1812లో మగ్గం విరిచినవాడికి ఉరిశిక్ష వేసే చట్టం వచ్చింది. ఆ బిల్లుకు అడ్డుపడి, ఆ ఏడు ఫిబ్రవరి 27న ప్రభువుల సభలో తన మొట్టమొదటి ప్రసంగం చేసినవాడు కవి బైరన్. ఆయన వంశపు ఇల్లు న్యూస్టెడ్ ఆబీ ఈ ఊరికి దాపునే ఉంది.

మ్యూజియంలో గుండ్రటి చిన్న యంత్రం మీద పిడి తిప్పుతూ మేజోడు అల్లడం కూడా చూపించారు. నాచేత కూడా తిప్పించారు. గొట్టంలా జానెడు అల్లిక దిగింది. "ఇది మీకే" అని ముసలావిడ కత్తిరించి చేతిలో పెట్టింది. దాన్ని జేబులో వేసుకొని తిరుగుబస్సులో, విశ్వవిద్యాలయం సంగతి తెలుసుకోవాలన్న ఆత్రంతో కూర్చున్నాను.

నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయానికి ఊరి మధ్యలో 1881లో తెరచిన పాత రాతి భవనం ఒకటి ఉంది. దానికి ఆర్క్‌రైట్ పేరే పెట్టారు. ఆ భవనం ఎదుట ఒక కాఫీ హోటల్లో కూర్చొని, ఆచార్య తిలక్ డయాస్ నాయకత్వంలో అక్కడ సాగిన పరిశోధనను గూర్చి ప్రచురించిన వ్యాసాలు ముందు పెట్టుకొని, అమ్మాయీ అల్లుడుగారూ నాకు పాఠం చెప్పారు. నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

బట్టమీద యంత్రాన్ని కుట్టడం కొత్త కాదు. యంత్రాన్ని దారం లోపలే దాచడం వీళ్ళ విద్య. వేడికి గుణం మారే పదార్థంతో చేసిన ముక్క ఒకటి తీసుకుంటారు. అది ఆవగింజకన్న చిన్నది. వేడెక్కినకొద్దీ అది విద్యుత్తును మరింత సులువుగా పోనిస్తుంది. కనుక ఎంత విద్యుత్తు పోతున్నదో కొలిస్తే ఎంత వేడి ఉన్నదో తెలిసిపోతుంది. దాన్ని వెంట్రుకవంటి రాగితీగెలకు అతికి, మీద జిగురుబొట్టు వేసి, అతినీలలోహిత కిరణాలతో గట్టిపరుస్తారు. నీళ్ళు తగలకుండా అదే దానికి కవచం. తరువాత ఆ తీగెచుట్టూ మామూలు పోగులతో ఒక తొడుగు అల్లుతారు. పైకి చూస్తే నూలుపోగు. వేలితో తడిమినా లోపలి గింజ తెలియీ తెలియనట్లుంటుంది. ఆ పోగును మేజోడు అల్లికలో అరికాలి కిందికి వచ్చేట్టు చేరుస్తారు.

అరికాలి వేడి తెలిస్తే ఏమి లాభమంటారా? పుండు పైకి తేలకముందే లోపల కండ కమిలి, ఆ చోటు వేడెక్కుతుంది. స్పర్శ ఉన్నవాడికి నొప్పి చెబుతుంది; లేనివాడికి చెప్పే దిక్కు లేదు. అందుకని రెండు పాదాల్లోనూ ఒకే చోటు వేడిని పోల్చి చూస్తారు. ఒకదానికన్న ఇంకొకటి 2.2 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడిగా ఉండి, అదే తీరు మర్నాడూ కనబడితే, ఆ కాలికి విశ్రాంతి ఇచ్చి వైద్యుణ్ణి చూడమని హెచ్చరిక. ఎండకో చలికో అయితే రెండు కాళ్ళూ కలిసే మారతాయిగనుక, పోల్చడంలోనే కిటుకంతా ఉంది.

"అయితే మా గుడిలో రెండు కాళ్ళూ కలిసే కాలాయిగదా! ఆ పోలిక అప్పుడేం చేసేది?" అన్నాను.

అల్లుడుగారు నవ్వి, "నిజమే మామయ్యగారూ, దానికి చెప్పులేగాని మేజోళ్ళు మందు కావు" అన్నారు. ఎంత తెలివైన బట్టకైనా ఒక హద్దుంటుందని అప్పుడు తెలిసింది.

ఈ రకం బట్టకు చుట్టాలు చాలామందే ఉన్నారు. 1996లో అమెరికాలోని జార్జియా టెక్‌లో, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదువుకున్న సుందరేశన్ జయరామన్ గారు సిపాయిల కోసం ఒక చొక్కా నేయించారు. అందులో వెలుగును మోసుకుపోయే సన్నని పోగులు కలిపి నేశారు. తుపాకిగుండు తగిలి పోగు తెగితే అక్కడ వెలుగు ఆగిపోతుంది. గాయం ఎక్కడయిందో దూరాన ఉన్న వైద్యుడికి తెలుస్తుంది. గుండె చప్పుడు కూడా ఆ చొక్కాయే చెబుతుంది. నాటింగ్‌హామ్ వాళ్ళే 2022లో 1,200 చిన్న సౌరఘటాలు దాచిన బట్ట చేసి, దానితో ఫోనుకు సరిపడే విద్యుత్తు తీయవచ్చునని చూపించారు.

మనుషులకే కాదు, మట్టికీ గోడలకూ కూడా ఇలాంటి బట్ట కడుతున్నారు. రైలుకట్టల కింద, గట్ల కింద మట్టి జారకుండా పరిచే బట్టలో గాజుపోగు వేసి, దానిలోకి వెలుగు పంపుతారు. నేల కొంచెం కుంగి పోగు సాగితే, తిరిగివచ్చే వెలుగు తీరు మారుతుంది. కంటికి బీట కనబడకముందే కబురు అందుతుంది. 2006లో మొదలైన 'పాలిటెక్ట్' అనే పథకంలో యూరపు దేశాలవాళ్ళు కలిసి, జారే కొండచరియలకు పరిచే బట్టనూ, భూకంపానికి పాతగోడలు కూలకుండా వాటికి అతికే బట్టనూ ఈ పద్ధతిలో తయారుచేశారు. గోడకు నొప్పి తెలియదు. నా అరికాలికీ తెలియదు. ఇద్దరికీ ఒకే వైద్యమన్నమాట!

ఏమాటకామాటే చెప్పుకోవాలి, చిక్కులూ ఉన్నాయి. బట్టన్నాక ఉతకాలి, పిండాలి. మెత్తని పోగూ గట్టి గింజా కలిసేచోట వంగి వంగి తీగె తెగుతుంది. ఎక్కడో ఒకచోట బ్యాటరీ పెట్టాలి. చిరిగాక ఆ మేజోడు ఇటు గుడ్డపీలికగానూ పనికిరాదు, అటు పాత ఇనుములోనూ చేరదు. ఇలాంటి మేజోళ్ళు అమెరికా వంటి చోట్ల అమ్మకానికి వచ్చినా, మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో తేల్చింది. అంతమంది కాళ్ళకు అందేసరికి ఎన్నాళ్ళు పడుతుందో!

ఇవన్నీ విని కూడా మా అమ్మాయి ఉత్సాహం తగ్గలేదు. ఆ రాత్రి భోజనాలవేళ, "నాన్నా, మీకెప్పుడైనా ఆ మేజోళ్ళు దొరికితే, ఆ కబురు నా ఫోనుకే వచ్చేట్టు పెట్టుకుందాం. మీరైతే చెప్పరు. పుండయిన సంగతి కూడా నాకు పదిరోజులు దాచారు" అంది.

నాకెందుకో చివుక్కుమంది. "నేనేమన్నా చంటిపిల్లవాణ్ణా? నేను లేచానో పడుకున్నానో, ఎంతసేపు నడిచానో అంతా నీకు తెలియాలా? నీతో ఆగుతుందా? ఆ కంపెనీవాడికి తెలుస్తుంది, వాడు భీమా కంపెనీవాడికి చెబుతాడు. రేపు ఏ యజమానో తన పనివాళ్ళకందరికీ ఇలాంటి చొక్కాలు తొడిగి, ఎవడి గుండె ఎప్పుడు అలసిందో రాసుకుంటే? రడింగ్టన్‌లో విన్నాం గదా! చేతులు పనివాడివి, మగ్గం షావుకారుది. అలాగే కాలు నాది, కబురు ఇంకొకడిదీ అవుతుంది" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అల్లుడుగారు కంచంలోకి చూస్తూ కూర్చున్నారు.

మా ఆవిడ మజ్జిగ వడ్డిస్తూ నెమ్మదిగా అంది: "కాళ్ళు మీవే, కాదనం. కాని అవి పోతే మోయవలసింది మేమే గదా!"

దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ రెండున్నర నెలలూ నన్ను లేవదీసి కూర్చోబెట్టింది ఆమే. అగ్నిమాపక సిబ్బందిలో ఒకడు మంటల్లో సొమ్మసిల్లితే అతని చొక్కా బయటివాళ్ళకు చెప్పడం మంచిదే. నా కాలు కమిలితే మా వాళ్ళకు తెలియడమూ మంచిదే. అలాగని అడగకుండా ఎవరికిబడితే వారికి చెప్పే బట్టను ఒంటిమీద వేసుకోలేను. చివరకు నలుగురం కూర్చొని ఒక ఒప్పందానికి వచ్చాం. మేజోడు మొదట చెప్పవలసింది తొడుక్కున్నవాడికి. ఆ తరువాత ఎవరికి చెప్పాలో వాడే నిర్ణయించాలి. నేను నిర్ణయించాను: మా ఆవిడకు, అమ్మాయికి. అంతకుమించి వైద్యుడికి. దాచనని మాట కూడా ఇచ్చాను.

మర్నాడు అమ్మాయి బజారునుంచి పిడి ఉన్న అద్దం ఒకటి కొనితెచ్చింది. "ఆ మేజోళ్ళు వచ్చేదాకా ఇది వాడండి నాన్నా" అంది. అరికాళ్ళు వంగి చూచుకోలేని నావంటివాళ్ళకు వైద్యులు చెప్పే పాత చిట్కాయే ఇది. రోజుకొకసారి అద్దం పట్టి చూచుకోవడం, వేళ్ళసందులు తుడుచుకోవడం, చెప్పులు తొడిగేముందు దులపడం, వట్టికాళ్ళతో ఎండలో నడవకపోవడం. ఖర్చు లేదు, బ్యాటరీ లేదు.

ఇంటికి వచ్చి మూడు నెలలయింది. రోజూ రాత్రి భోజనమయ్యాక పడకకుర్చీలో కాళ్ళు చాపుకుంటాను. మా ఆవిడ అద్దం పట్టుకుంటుంది, నేను చూస్తాను. ఆ తరువాత అమ్మాయికి ఫోను చేసి, "ఈవేళ్టికి రెండు కాళ్ళూ క్షేమం" అని నేనే చెబుతాను. రడింగ్టన్ ముసలావిడ ఇచ్చిన ఆ జానెడు అల్లిక మాత్రం అద్దం పిడికి తొడుగయింది. సరిగ్గా సరిపోయింది.